మీరు అన్న ఆమెన్

డాక్టర్ ప్రభుదాస్ అంకుల్ గారికి,

వందనాలు. ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

మొన్న ఆదివారం మన ఇర్వింగ్ తెలుగు చర్చిలో మా ఆయన జయకర్ లేచి సాక్ష్యం చెప్పారు కదా. "గుండెలో స్టెంట్ వేయకముందు రన్నింగ్‌లో నా హార్ట్ రేట్ నూట ఎనభైకి పోయేది. ఇప్పుడు సైకిల్ ఎంత తొక్కినా నూట అరవై దాటట్లేదు. దేవుడు నా గుండెను బాగుచేశాడు!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఉన్న మీరు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు.

తరువాత పార్కింగ్ లాట్‌లో నేను అడిగితే మీరే చెప్పారు: "సైకిల్ మీద చాలామందికి పరుగులో కంటే తక్కువే ఉంటుందమ్మా. గుండె వేగం పైదాకా వెళ్ళేలోపే తొడలు అలిసిపోతాయి. దాన్నిబట్టి గుండె బాగుపడిందని చెప్పలేం." మరి ఆ మాట ఆయనతో ఎందుకు అనలేదని అడిగితే, "సాక్ష్యానికి అడ్డు చెప్తే బాగుండదు" అన్నారు.

బాగుండకపోవడం ఎలా ఉంటుందో నేను చెబుతాను అంకుల్. ఆయన మాత్రలు మానేశారు. శనివారం చర్చి పెడుతున్న ఫైవ్ కే రన్‌కి పేరిచ్చారు, ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతారట. నేను వద్దంటే, "డాక్టర్ గారే ఆమెన్ అన్నారు, నీకేం తెలుసు?" అంటున్నారు.

స్వస్థత ఇచ్చేది దేవుడేనని నేనూ నమ్ముతాను. కానీ ఆయన నమ్ముకున్నది మీ ఆమెన్‌ని. శుక్రవారంలోగా ప్రార్థనకని మా ఇంటికి రండి. భోజనం పెడతాను. ఆయన ముందు కూర్చుని ఆ ఆమెన్ వెనక్కి తీసుకోండి.

అది బాగుండదనుకుంటే, శనివారం పొద్దున్నే వచ్చి ఆయన పక్కన మీరే పరుగెత్తండి.

మీ కూతురులాంటిది