జామచెట్లకు కట్టిన చీర సంచుల గురించి

మేడ్చల్ ఉద్యానవన అధికారి గారి సముఖమునకు,
శామీర్‌పేట మండల రైతు సిద్దిరాములు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: జామకాయలకు కట్టిన గుడ్డ సంచులు బాణామతి, చేతబడి కాదని తమరు స్వయముగా వచ్చి చెప్పుట గురించి.

1. నాకు అరవై జామచెట్లు కలవు. ఏటా కాయ పండే వేళకు ఈగ కుట్టి, లోపల పురుగు పడి రాలిపోవుచుండెను. గత వానాకాలం రైతువేదికలో తమరు కాయకాయకూ గుడ్డ సంచి తొడగమని చూపించియున్నారు. నా భార్య సుశీల తన పాత ఎర్ర చీరలు కత్తిరించి, రెండు నెలలు కూర్చుని సంచులు కుట్టి, వేపనూనె అద్దినది. ఈగలను పట్టుటకు బెల్లం నీళ్ల సీసాలు కూడా కొమ్మలకు వ్రేలాడదీసితిమి. ఈసారి పురుగు లేదు.

2. మా కంచె అవతల కొత్త కాలనీలో పార్వతీదేవి గారి మనుమరాలు సహస్రకు పది రోజులుగా జ్వరం. వారి మేడమీది నుంచి చూస్తే మా తోటలో ఎర్రమూటలు, ఈగలు తేలే సీసాలు కనబడినవట. పాపకు బాణామతి చేసినామని సోమవారం కాలనీ వారు ఇరవై మంది వచ్చి పదకొండు చెట్ల సంచులు కోసివేసినారు. "ఇప్పి సూడుండ్రి, జామకాయే ఉంటది" అని సుశీల ఒక సంచి విప్పి, కాయ కొరికి తిని చూపినది. వారిలో ఒకాయన, "సూసిండ్రా, ఆమెకేం కాదు. మంత్రం ఆమెదే గదా" అన్నాడు.

3. సంచులు కోసిన చెట్ల కాయలు మూడు రోజుల్లోనే ఈగ కుట్టి మెత్తబడినవి. అది సరే. మంగళవారం నల్లా దగ్గర మా ఊరి ఆడవాళ్లే సుశీలను చూసి బిందెలు ఎత్తుకుని పోయినారు. నాటి నుండి ఆమె గడప దాటలేదు. నిన్న ఇంటి మీద రాయి పడినది. ఠాణాకు పోదామంటే, "వద్దు, పోతే నిజమే అనుకుంటరు" అంటున్నది. ఇరవై ఆరేండ్లు నాతో కలుపు తీసిన మనిషి, అయ్యా, అన్నం పెడితే గోడవైపు తిరుగుతున్నది. ఇట్లాంటి మాట పడినవాళ్ల గతి మా వైపు ఏమవుతుందో తమరు ఎరుగనిది కాదు.

కావున తమరు ప్రభుత్వ జీపులో వచ్చి, ఆ పద్ధతి నేర్పినది తామేనని అందరి ముందర ఒక్క మాట సెలవిచ్చిన మా ప్రాణములు నిలుచును. పంట గురించి నేను అడుగుట లేదు. ఈ దీనుని మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సిద్దిరాములు

తా.క.: కవరు అంటించే లోపు తెలిసినది, పాపకు జ్వరం తగ్గినదట. సుశీల విని చేతులెత్తి మొక్కి, ఇన్నాళ్లకు మొదటిసారి ఏడ్చినది. కానీ సంచులు కోసినందుకే తగ్గిందని కాలనీలో అంటున్నారట. మిగిలిన చెట్లకు రేపు పొద్దున వస్తారట, మా ఇంటికి కూడా. అందుకే తపాలాలో వేయక, తెచ్చి తమ గేటు దగ్గర నిలబడిన. సారూ, గీ కాగితం పక్కన వెట్టి రాండ్రి.