ఛాంపియన్ ఎడమ కన్ను

సైనిక భర్తీ బోర్డు అధ్యక్షుల వారి సముఖమునకు,
మొబీల్, అలబామా. 11 మార్చి 1968.

అయ్యా,

విషయం: మిడిల్‌వెయిట్ ఛాంపియన్ రూఫస్ టిల్‌మన్‌ను సైనిక సేవకు అనర్హుడిగా ప్రకటించి, కేసు ఎత్తివేయించమని కోరుట గురించి.

సదరు రూఫస్‌కు పద్నాలుగేళ్లుగా బాక్సింగ్ నేర్పిన ఓడెల్ ప్రూయిట్ అను నేను తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు రూఫస్ నలభై ఒక్క పోటీలు ఆడి ఒక్కటీ ఓడలేదు. గడచిన ఏప్రిల్‌లో తమ వారు భర్తీకి పేరు పిలిచినప్పుడు, ఒప్పుకున్నట్టు గుర్తుగా వేయవలసిన అడుగు ముందుకు వేయలేదు. "రింగులోకి వచ్చేవాడు దెబ్బలకు ఒప్పుకొనే వస్తాడు. మీరు యుద్ధానికి పంపే ఆ దేశపోళ్లని ఎవరడిగారండీ?" అన్నాడు. ఛాంపియన్ బెల్టు పోయింది, ఆడే లైసెన్సు పోయింది. ఐదేళ్ల జైలు పడి, అప్పీలులో ఉన్నది.

2. సదరు రూఫస్‌కు ఎడమ కన్ను కనపడదు. ఏడేళ్ల కిందట సాధనలో తగిలిన దెబ్బకు పోయింది. తెలిస్తే లైసెన్సు ఇవ్వరని దాచాము. మా వృత్తిలో ఇది మామూలే. డాక్టర్లు గోడకు తగిలించే అక్షరాల అట్ట అంతటా ఒకటే. మా వంటగదిలో కూర్చోబెట్టి, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ నేనే వల్లె వేయించాను.

3. తమ డాక్టరు గారూ అదే అట్ట తగిలించారు. కనపడదంటే ఆ రోజే ఇంటికి పంపేవారు. వీడు అలవాటు కొద్దీ గడగడా అప్పజెప్పి, అన్ని విధాలా అర్హుడని కాగితం తెచ్చుకున్నాడు. శిక్ష పడ్డాక బతిమాలాను.

"ఒరేయ్, ఇప్పుడైనా కన్ను సంగతి చెప్పెయ్. బతికిపోతావు."

"వద్దు మాస్టారూ. గుడ్డోణ్ణంటే వాళ్లు నన్ను వద్దన్నట్టు. వాళ్లను నేను వద్దనాలి."

4. ఆ మాటకు నాకు గర్వంగానే ఉండింది. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇప్పుడు చర్చీల్లో, కాలేజీల్లో కన్ను సంగతి ఎత్తకుండా, వాళ్లను నేనే వద్దన్నానని చెబుతున్నాడు, జనం లేచి నిలబడుతున్నారు.

కావున తాము అక్షరాలు మార్చిన అట్ట పెట్టి, కుడికన్ను మూయించి పరీక్షించవలసినదిగా ప్రార్థన. కంటి డాక్టరు చీటీ జతపరిచాను. ఇది అతనికి తెలియకుండా రాసిన అర్జీ అని కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఓడెల్ ప్రూయిట్

తా.క.: ఏప్రిల్‌లో రూఫస్ కదలకపోయేసరికి తమ గుమాస్తా, "లెక్కకొకడు తగ్గాడు, తర్వాత పేరెవరిదయ్యా?" అన్నాడట. అది మా అబ్బాయి కార్వర్‌ది. మావాడు అడుగు వేశాడు. జనవరిలో పెట్టెలో వచ్చాడు. మూత తెరవొద్దన్నారు. ఆ పెట్టెకు రూఫస్ భుజం పట్టాడు, ఏడ్చాడు. నేను క్షమించాననుకున్నాడు.

వాణ్ణి జైలుకు మాత్రం పంపకండి సారూ. జైలుకెళితే వీరుడౌతాడు. గుడ్డివాడని కాగితం రాసి ఇంటికి పంపండి, ఆ కాగితం పత్రికల వాళ్లకూ ఇవ్వండి. మా కార్వర్‌కు రెండు కళ్లూ బాగుండేవి. ఆ అట్ట వాడు చూసే చదివాడు.