తోమని నాణెం

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పెనుకొండలో నాయన చేను అమ్మేదాకా, వాన వెలిసిన ప్రతిసారీ సాళ్ల వెంట వంగి నువ్వు ఏరిన రాగి నాణేలు ఏడూ హిందూపురంలో నా దగ్గరే ఉన్నాయి.

ఈ రోజు మనుమరాలు ధర్మవరం కాలేజీలో తనకు చరిత్ర చెప్పే మేష్టారిని వెంటబెట్టుకొచ్చింది. ఆయన భూతద్దం పెట్టి చూశాడు.

"అమ్మా, వీటిని తోమినారా?"

"ప్రతి దీపావళికీ చింతపండుతో తోమినాను. మకిలి పట్టినవి లక్ష్మీపూజకు పెడతారా యాడన్నా?"

"రాతలన్నీ అరిగిపోయినాయి కదమ్మా."

మనుమరాలు నవ్వింది. "మా అవ్వ చేతికి చిక్కితే రాజులైనా తలంటు పోసుకోవాల్సిందే సార్!"

నాకు నవ్వు రాలేదు. పిల్లల్ని ముట్టనివ్వకుండా ఇన్నేళ్లు దాచి, నేనే చెరిపేశాను.

నువ్వు పోయేముందు ఇచ్చిన ఏడోది మాత్రం నల్లగానే ఉంది. నువ్వు లేవని నిరుడు పండగ చేయలేదు, దాన్ని తోమలేదు. అందుకే దాని మీద అక్షరాలు నిలిచాయి. అవి చదవాలంటే అంటుకున్న మట్టి కడగాలన్నాడు మేష్టారు.

వద్దన్నాను. మన చేను మనకు మిగిలింది అంతవరకే, అన్నా.

నీ చెల్లెలు