తౌడుకు అమ్మిన మనవరాలు

ఆదిలాబాదు జిల్లా ఖానాపూర్ దగ్గరి పల్లెలో ఉండే, కీర్తిశేషుడు గట్టయ్య భార్య సత్తవ్వ అనే నేను, బొగ్గుబాయి కంపెనీ దవాఖాన వరండాలో కూర్చుని, దస్తావేజులు రాసే లింగమూర్తి చేత రాయిస్తున్న వీలునామా ఇది. నా కాళ్లు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. గుండెకు బలం చాలడం లేదని డాక్టరు చెప్పాడు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నా భయమే నా చేత ఇది రాయిస్తోంది. ఆ మాట దస్తావేజులో ఉండకూడదని లింగమూర్తి అన్నాడు. ఉండాల్సిందేనని నేనన్నాను.

1. నా ఒక్కగానొక్క కొడుకు రాజలింగు మొన్న దసరా ముందు బాయిలో కప్పు కూలి చనిపోయాడు. అప్పటికి కడుపుతో ఉన్న అతని భార్య సరోజన ఏడో నెలలోనే ప్రసవించింది. ఆడపిల్ల. డాక్టరు కంపెనీ వడ్రంగి చేత చేయించిన గాజుమూత పెట్టెలో, కరెంటు బల్బుల వేడిలో ఉంది. ఇంకా పురుడు చేయలేదు కాబట్టి పేరు లేదు. చేతికి కట్టిన గుడ్డపట్టీ మీద "సరోజన బిడ్డ" అని రాసి ఉంది. ఈ కాగితంలోనూ ఆమె పేరు అదే. కడెం వాగు పక్కన నా పేర పట్టా ఉన్న మూడెకరాల తరి పొలం ఆ బిడ్డకు చెందాలి. ఆమెకు వయసు వచ్చేదాకా తల్లి సాగు చేయించుకోవచ్చు, అమ్మకూడదు.

2. ఈ బిడ్డను దవాఖాన నుంచి ఎవరు తీసుకుపోవచ్చు, ఎవరు తీసుకుపోకూడదు అన్నది అన్నిటికన్నా ముఖ్యం. కనుక జరిగింది జరిగినట్టు రాయిస్తున్నాను.

మా మరిది బుచ్చిరాములు చేట, తౌడు పట్టుకుని వచ్చాడు. "గాజు పెట్టెల పెడితె పిల్ల బతుకుతదా వదినె? ఇంటికి కొంచవోదాం. చేటల వేసి తౌడుకు అమ్ముదాం" అన్నాడు. పిల్లలు దక్కని ఇంట్లో ఇది చేస్తారు. పుట్టిన బిడ్డను పరాయి మనిషికి గుప్పెడు తౌడుకు అమ్మేస్తే, ఈ ఇంటి బిడ్డ కాదని మృత్యువు తిరిగిపోతుందని నమ్మకం. రాజలింగు కంటే ముందు నాకు నలుగురు పుట్టి, వారం తిరక్కుండానే పోయారు. రాజలింగును కుమ్మరి భూమవ్వకు తౌడుకు అమ్మాను. వాడు దక్కాడు. అందుకే మరిదికి వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెట్టెలోంచి తీస్తే చలికే చస్తుందని డాక్టరు చెప్పాడు. తీయకపోతే మా ఇంటి గండం తగులుతుందని నా ప్రాణం కొట్టుకుంది. పోచమ్మకు మేకను మొక్కాను, డాక్టరు కాళ్లు పట్టుకున్నాను. ఎవరు వింటే వాళ్లే దేవుళ్లు అనుకున్నాను.

అప్పుడు నర్సు చంద్రవ్వ అడ్డం వచ్చింది. ఆమె యేసయ్యను కొలిచే మనిషి, మా ఆచారం ఆమెకు అక్కర్లేదు. అయినా చేటను కిందికి దించమని చెప్పి, తౌడు తన దోసిట్లో పోయించుకుని, గాజు పెట్టెకు దూరంగా నిలబడి సరోజన కొంగులో పోసింది. "గీ పిల్లను నేను కొన్న. ఇగ నాది. నేను చెప్పేదాంక ఎవలు ముట్టినా ఊకోను" అన్నది. మూత తెరవకుండానే అమ్మకం అయిపోయింది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని బిడ్డ దగ్గరికి పోయింది. మా ఆచారాన్ని నవ్వులాటకు తీసుకోకుండా, బిడ్డనూ బయటికి తీయకుండా కాపాడిన ఆ తల్లికి నేను ఏమిచ్చి రుణం తీర్చుకోను?

కాబట్టి ఆ పిల్ల ఇప్పుడు చంద్రవ్వది. ఆమె సరేననకుండా తాత వరసవాళ్లు గానీ, కులపెద్దలు గానీ, చివరికి నేను గానీ తీసుకుపోవడానికి హక్కు లేదు. తౌడు తెచ్చింది బుచ్చిరాములే గనుక ఈ అమ్మకం చెల్లదని అతను అనలేడు.

3. భగవంతుడు అన్యాయం చేసి ఆ బిడ్డ దక్కకపోతే, ఏ కారణం చేత దక్కకపోయినా సరే, పొలం బుచ్చిరాములుకు గానీ అతని కొడుకులకు గానీ పోదు. దాన్ని అమ్మి, ఆ సొమ్ముతో ఈ దవాఖానకు ఇలాంటి గాజు పెట్టెలు చేయించాలి. మరిది పొలం మీద ఆశతోనే పిల్లను తీసుకుపోదామన్నాడని నేను అనడం లేదు. కాదని కూడా అనలేను. అతనికే తెలియకపోవచ్చు. ఆ బిడ్డ చావు వల్ల ఎవరికీ గుంట భూమి కూడా కలిసిరాకూడదు. అంతే.

4. ఇల్లు, పాడి బర్రె కోడలు సరోజనవి. రొమ్ము పట్టే బలం బిడ్డకు లేక, పాలు పిండి గిన్నెలో ఇస్తే చంద్రవ్వ చుక్కచుక్కగా పోస్తోంది. పాలు పిండుతున్నంతసేపూ సరోజన ఏడుస్తూనే ఉంటుంది. చిన్న వయసు. రేపు మారుమనువు పోతానంటే ఎవరూ అడ్డం పడొద్దు. నా కొడుకును మరిచిపోయిందని నిందించొద్దు.

5. బుచ్చిరాములుకు తన అన్న, అంటే మా ఆయన, కప్పుకున్న గొంగడి ఇస్తున్నాను. మా ఆయన నా పేర పట్టా చేయించిననాడు "ఆడిదాని పేర పట్టా ఏందే" అని ఇతను అలిగి, మా ఇంట్లో చాలాకాలం నీళ్లు ముట్టలేదు. అది నేను మరిచిపోలేదు. కానీ నా కొడుకు శవాన్ని భుజాన మోసినవాడూ ఇతనే. ఈ కాగితానికి ఇతనే సాక్షిగా ఉండాలి. సంతకం పెడతాడా అని లింగమూర్తి అడుగుతున్నాడు. పెడతాడు. మొండివాడే గానీ అబద్ధాలకోరు కాదు.

6. నిన్న బిడ్డ ఊపిరి ఆగి నీలంగా మారింది. నేను గోడకు తల కొట్టుకున్నాను. చంద్రవ్వ అరికాళ్ల మీద వేలితో కొట్టి, ఇనుప సిలిండర్‌లోంచి గాలి పట్టింది. బాయిలో చిక్కుకున్నవాళ్ల కోసం దాచే గాలి అదేనట. నా కొడుకును బయటికి తెచ్చేసరికి వాడికి దానితో పని లేకపోయింది. వాడికి అందని గాలి వాడి బిడ్డకు అందింది. ఈ మందులు, ఈ పెట్టె, ఈ గాలి కనిపెట్టినవాళ్లు ఎక్కడివాళ్లో, ఏ కులమో నాకు తెలియదు. వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. నా నలుగురి కాలానికి ఇవి ఎందుకు లేవని మాత్రం అడగాలనిపిస్తుంది. ఎవరిని అడగాలి?

రాజలింగు బూట్లు అతని జోడీగా బాయిలో పనిచేసిన హనుమంతుకు. ఈ వీలునామాను అమలు చేసే భారం కూడా అతనిదే.

7. అమ్మిన బిడ్డను పెండ్లినాడు చీర పెట్టి తిరిగి కొనుక్కోవాలి. రాజలింగు పెండ్లిలో భూమవ్వకు అలాగే పెట్టాను. మా ఆయన మెట్‌పల్లి అంగడిలో కొన్న ఎర్రంచు పట్టుచీర నా సందుగలో అడుగున ఉంది. అది చంద్రవ్వకు. కానీ ఇప్పుడే ఇవ్వకూడదు. బిడ్డ పెండ్లినాడు, పీటల మీద కూర్చునే ముందు సరోజన ఆమెకు ఆ చీర పెట్టి బిడ్డను తిరిగి తీసుకోవాలి. అప్పటికి నేనుండను. ఈ వారం ఎవరం ఉంటామో, నేను ముందో అది ముందో, అదీ తెలియదు.

చంద్రవ్వా, అప్పటిదాకా అది నీ బిడ్డ. నీ సొమ్ము నువ్వే కాపాడుకో తల్లీ.

ఇది నాకు చదివి వినిపించగా విని, నా మాటలేనని ఒప్పుకుని, 1964 జనవరి 19న వేసిన ఎడమ బొటనవేలి ముద్ర:

సత్తవ్వ

రాసినది: లింగమూర్తి

సాక్షులు:
హనుమంతు, బాయి కార్మికుడు.
బుచ్చిరాములు, మరిది. అంతా విన్నాడు. తౌడు తానే తెచ్చానని, బిడ్డ అమ్ముడుపోయిందని ఒప్పుకుని సంతకం చేశాడు.