తొమ్మిదో తరగతి సాక్ష్యాలు

3 నవంబరు 1982, బుధవారం
మా అమ్మాయి సుగుణకు గొంతు ఇంకా పట్టేసే ఉంది. రోజంతా తెలుగు పాఠాలు చెబితే ఎక్కడ తగ్గుతుంది... మిరియాల పాలు ఇస్తే చల్లారబెట్టి వదిలేస్తుంది. అల్లుడి నడుము నొప్పి ఎలా ఉందో — మణుగూరు నుంచి కబురు లేదు. బొగ్గుబావిలో ఏ షిఫ్టు పడిందో ఏమో. హాస్టల్లో ఇద్దరు పిల్లలకు చలిజ్వరం. సోడె ముత్తమ్మకు తగ్గింది, గంజి తాగింది. నా మోకాళ్లు ఉన్నట్టే ఉన్నాయి. అందరినీ పేరుపేరునా ప్రభువుకు అప్పజెప్పాను. అప్పజెప్పాక కూడా గుబులు పోదు.

5 నవంబరు
సుగుణ తొమ్మిదో తరగతికి 'మా ఊరు' అని వ్యాసం ఇచ్చిందట. సాయంత్రం దిద్దుతూ ఒకటే నవ్వు. ఒకటి చదివి వినిపించింది — నేను పాపంలో పుట్టి లోకాశలలో తిరుగుచుండగా... ఇంకొకటీ అంతే. అందరిదీ అంతే. చివర ఆమేన్. ఆదివారం గుడిలో పెద్దలు లేచి నిలబడి సాక్ష్యం చెబుతారు కదా. పాపం, పిల్లలు ఎరిగిన తీరు అదొక్కటే.
బాగానే ఉంది కదే అన్నాను.
"పద్నాలుగేండ్ల పిల్లకు లోకాశలేందే అమ్మా? పుల్ల ఐసు తిందామనా?"
నాకూ నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. అలా నవ్వొచ్చో కూడదో.

6 నవంబరు
మళ్లీ రాయిస్తోంది. "కండ్లు దేవుడిచ్చినయే గద. వాటితోని చూసింది రాయుండ్రి" అని చెప్పిందట.

9 నవంబరు
బడిలో సుగుణ పద్యం చదువుతుంటే మా క్వార్టరు వరండా దాకా వినబడింది. అచ్చం వాళ్ల నాయన గొంతే. ఆయన బోధకుడు. ములకలపల్లి అవతల తాటాకు పాక — వారమంతా బడి, ఆదివారం గుడి. పద్యమూ కీర్తనా ఒకే చాప మీద నేర్పేవాడు. ఎవరూ ఏమీ అనలేదు ఆ రోజుల్లో. పెళ్లై వచ్చిన నాకు వాకిట్లో బండ మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించాడు. వాన పడితే నా చదువంతా కాలవలో. మళ్లీ రాద్దువులే అనేవాడు.
నా బాప్తిస్మం నాడు నన్నూ సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను, పెద్దలు చెప్పే మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. మా మేక అడవిలో తప్పిపోయి దొరికిన సంగతి చెప్పి కూలబడ్డాను. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం — "అయింది గదా. గదే సాక్ష్యం."
ఇంకెవరంటారు ఆ మాట...

12 నవంబరు
ముత్తమ్మ వ్యాసం ఇవాళ ప్రార్థన గంటలో సుగుణే చదివింది. వాళ్ల గూడెంలో విత్తనాల పండుగ. మగవాళ్లు వేటకు పోతారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లుతారు. ముత్తమ్మ నాయన కుందేలైనా లేకుండా వచ్చి నెత్తినిండా పేడనీళ్లతో నవ్వుతూ నిలబడ్డాడట, వాళ్లమ్మ ఇంకో ముంత తెచ్చిందట. బడంతా నవ్వు. నేను కూడా.
బడి వరండాలో కరస్పాండెంట్ అయ్యగారు. నవ్వలేదు.

13 నవంబరు
అయ్యగారు పిలిపించారు. సుగుణ వచ్చి చెప్పింది.
"మిషన్ బడిలో ఈ రాతలేమిటి టీచర్? చివర రెండు మాటలు కలిపించండి. ఇప్పుడవన్నీ మానుకున్నామని."
"మానలేదు గద అయ్యగారూ. మాననిది మానిన్రని రాయిస్తే పిల్లకు అబద్ధపు సాక్ష్యం నేర్పినట్టే."
ఉద్యోగం జాగ్రత్త అన్నారట. ఉద్యోగం పోతే ఈ క్వార్టరూ పోతుంది. తిరిగి ఏమీ అనకుండా రావలసింది. నోరు మాత్రం వాళ్ల నాయనదే.

14, ఆదివారం
గుడి బయట అయ్యగారు అందరినీ పలకరించారు. మమ్మల్ని తప్ప.

18 నవంబరు
సుగుణకు చెప్పకుండా హాస్టల్‌కు వెళ్లాను. ముత్తమ్మకు కాల్చిన తేగలు ఇచ్చి — రెండు ముక్కలే కదమ్మా, రాసేయరాదూ...
తేగ నారలు ఒక్కొక్కటే తీసింది.
"రాస్త అమ్మమ్మా. మరి సెలవులకు పోతే మా నాయన ఏం రాసినవో సదువు బిడ్డా అంటడు. గది సదవాల్నా?"
తేగలన్నీ అక్కడే పెట్టి వచ్చేశాను.

21, ఆదివారం
అల్లుడు వచ్చాడు. నడుముకు పట్టీ కట్టుకున్నాడు. గిన్నెలు గోనెసంచిలో చూసి —
"ఏంది అత్తమ్మా, తీసేయకముందే ఖాళీ చేస్తున్నవా?"
"జర ఆగితే నన్ను గూడ సంచిలేసి మూతి కడతది" అంది సుగుణ.
నవ్వుకోనీ. అవసరానికి ఎవరు సర్దుతారు?
పోయేముందు అల్లుడు నా ఒక్కదానితోనే మెల్లగా — మణుగూరులో తెలుగు టీచర్ ఖాళీలు లేవన్నాడు.

24 నవంబరు
అన్నం వండడానికి గోనెసంచి విప్పి గిన్నె తీశాను, మళ్లీ కట్టాను.

27 నవంబరు, శనివారం
అయ్యగారి కబురు వచ్చింది. తరగతిలో కూర్చుని వింటారట. ముత్తమ్మే లేచి చదవాలి. విన్నాక బడి కమిటీకి ఏం చెప్పాలో చెబుతారు. ఆ రెండు మాటలు ఉంటే ఉద్యోగం, లేకపోతే లేదు — అలా అనలేదు గానీ అంతే.
ఏం చదవమన్నావే అని సుగుణను అడిగాను.
"రాసింది."
అది చాలదని ముత్తమ్మ నాయనను కూడా రమ్మని కబురు పెట్టింది. బిడ్డ సదువుతదంటే ఎందుకు రాను అన్నాడట. తరగతిలో కుర్చీ ఒకటే ఉంది. ఎవరికి వేస్తావే అన్నాను.
"ముందొచ్చినోళ్లకు."
అయ్యగారికి జీపు ఉంది, గంట కొట్టాకే దిగుతారు. అడవిలోంచి నడిచొచ్చే మనిషి పొద్దు పొడవకముందే బయలుదేరతాడు...
ఇద్దరూ ఒకే రోజు. 29, సోమవారం, రెండో గంటకు.