గాజు పలకకు బొట్టు

చర్ల,
11-11-2025

అన్న సారయ్యకు,

చెల్లెలు ప్రమీల దండం పెట్టి రాస్తున్నది. భద్రాద్రి రాముని దయతో ఇక్కడ మేమంతా బాగున్నాం. నీ దగ్గు, వదిన మోకాళ్ల నొప్పులు కాస్త నెమ్మదించాయని తలుస్తాను.

ఫోనులో నీ బిడ్డ అరుణశ్రీ పేరెత్తితే చాలు, పెట్టేస్తావు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టేయలేవని, బడి విడిచిన ఇన్నేళ్లకు కలం పట్టాను. కోపమొస్తే రానీ, చివరిదాకా చదువు. నిన్నటి సంతోషం ఇంకా తగ్గలేదు. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నీ బొగ్గుబాయి నౌకరి ఇప్పిస్తానంటే వద్దని, హైదరాబాదు ల్యాబులో గాజు మీద పని చేస్తానని పోయింది కదా. రెండేళ్లుగా దానితో మాట్లాడవు. ఆ గాజు సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. మనం ముగ్గుకు చుక్కలు పెడతామే, అట్లా లేజరుతో గాజు లోపల పొరలు పొరలుగా చుక్కలు పెడతారు. ఆ చుక్కల్లోనే మాటలు, పాటలు, ఫోటోలు దాగి ఉంటాయి. కంప్యూటర్లలో దాచినవి కొన్నేళ్లకు పాడైపోతాయట. ఇవి కరెంటు లేకుండా వందల ఏళ్లు నిలవాలని వాళ్ల పట్టుదల.

ఏసీ గదిలో నిలిస్తే ఏం గొప్ప? చెమ్మా చీమలూ ఉండే అడవి పక్క ఇంట్లో ఒక వానాకాలం ఉంచి చూడాలని, జూన్‌లో ఒక పలక తెచ్చి నా చేతిలో పెట్టింది. అరచేయంత ఉంటుంది, నీళ్లలా తేట. “అత్తా, పెట్టెల దాయకు. ఇంట్ల యాడనన్న పెట్టు” అన్నది. వానలు వెళ్లాక అది చదవడానికి వస్తేనే పని ముందుకు సాగుతుందని, లేకుంటే ఇంతటితో ఆపేస్తామని వాళ్ల పెద్దసారు వెంకటరామారావు గారు చెప్పారట.

ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే మనమేం చేస్తాం? పసుపు రాసి బొట్టు పెట్టాను. దేవుని గూట్లో రాముని పటం ముందు నిలబెట్టాను. రోజూ దీపం, అగరుబత్తి. కార్తీకం వచ్చాక రెండు పూటలా దీపం. పక్కింటి జంపక్క చూసి “ఏందక్కా, గాజుముక్కకు గూడ హారతిస్తున్నవ్? వరమిస్తదా ఏంది?” అని ఒకటే నవ్వు.

నిన్న కార్తీక సోమవారం, ఉపవాసం మీదున్నాను. పలకను చదివే మిషను జీపులో పెట్టుకొని అరుణశ్రీ, పెద్దసారు దిగారు. పలక తీసి ఇచ్చాను. నూనె జిడ్డు, మసి, పసుపు, కుంకుమ. ఇటునుంచి అటు ఏమీ కనబడదు! అరుణశ్రీ ముఖం మాడిపోయింది. “ఇదేందత్తా, గిట్ల చేసినవ్! చెమ్మల పెట్టమన్న గని పూజ చెయ్యమన్ననా?” అన్నది. మిషనులో పెడితే తెర నల్లగానే ఉంది. ఆ పిల్ల కష్టమంతా నా భక్తే మింగిందనుకున్నాను.

ఉన్నట్టుండి అరుణశ్రీ లేచింది. “చుక్కలు లోపలున్నయ్ గద సార్, మసి పైనున్నది” అని పలక పట్టుకొని బోరింగు దగ్గరికి ఉరికింది. గీతలు పడతాయేమోనని సారు వెనకే ఉరికారు. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టింది. నేను కళ్లు మూసుకొని రామా అన్నాను.

గొంతు వినబడింది అన్నా! ఒక్క మాట పోలేదు! “ల్యాబులో మేమింత కఠినమైన పరీక్ష పెట్టేవాళ్లం కాదమ్మా” అని సారు నవ్వారు. పని ఆగదట. అరుణశ్రీ నన్ను పట్టుకొని గిరగిరా తిప్పింది. జంపక్కేమో “సూడక్కా, ఇచ్చింది వరం!” అన్నది.

అది ఎవరి గొంతో నీకు రాయొద్దని అరుణశ్రీ అన్నది. అందుకే రాయడం లేదు.

నీ చెల్లెలు,
ప్రమీల

తా.క.: మడిచాక మనసొప్పలేదు. రాయొద్దన్నదే గాని ఒట్టు వేయించుకోలేదు. ఆ గొంతు నీదే అన్నా. మాటలు మానేసిన రోజు నువ్వు దాని ఫోనుకు పంపిన తిట్లు. “గాజుముక్కల ఏమున్నదే? బంగారమసొంటి నౌకరి కాలదన్నుకుంటవా? ఇగ నాతోని మాట్లాడకు. ఉత్త కడుపుతోని మాత్రం పండకు, అన్నం తిని పండు.” ఇదెందుకు రాశావే అనడిగితే, “నాయిన నాతోని ఆఖరున మాట్లాడింది గిదే గద అత్తా” అన్నది. వచ్చే నెల రెండో పలక రాస్తారట. అందులోకి వేరే మాట పోవాలంటే, దానికి ఫోను చెయ్యి. ఈ కాగితాలు దాచుకో, దానికి మాత్రం చూపకు.