నా ఫైను ఎవరినీ కట్టనివ్వకండి

ట్రాఫిక్ జరిమానాల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా స్కూటరుపై పడిన హెల్మెట్ జరిమానాను ఎవరు వచ్చి కట్టబోయినను కట్టించుకొనకుండుట, చలానాలోని ఫోటోపై తమ ముద్ర వేసి ఇప్పించుట గురించి.

నేను కార్ల షెడ్డులో సొట్టలు తీసే మేస్త్రీని. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని. తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు స్కూటరు నా పేరున ఉన్నది. నా కూతురు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికని నేనే కొనిపెట్టితిని. ఆ రోజు నడిపినది మాత్రం నా అల్లుడు. ఉదయం పదిన్నరకు, ఆమె మిషను మీద ఉండగా, అతడు తాళాలు అడిగెను. "బ్రేకు పట్టట్లేదు, నాన్న వచ్చి చూసేదాకా ఆగు" అని ఆమె అన్నది. అంతే. హెల్మెట్ తీసి ముఖం మీద కొట్టెను. కింద పడ్డాక మళ్లీ కొట్టెను. ఎడమ వైపు నుంచి, పైనుంచి కిందికి, రెండు దెబ్బలు. ఆ దవడ చూసి డాక్టరు కన్నా ముందే ఆ మాట నేను చెప్పాను. నా పని అదే కదా. ఇప్పుడు పళ్లన్నీ కలిపి తీగ కట్టారు. గొట్టంతో తాగుతుంది, చెప్పాలనుకున్నది కాగితం మీద రాస్తుంది.

2. "ఆ రోజు నేను ఊళ్లోనే లేను, ఎవడో దొంగ పడి ఉంటాడు" అని అల్లుడు పోలీసు స్టేషనులో చెప్పెను. అవునని వాళ్లమ్మ, అనగా మా వియ్యపురాలు, సంతకం పెట్టెను. హెల్మెట్ దొరకలేదు.

3. అదే ఉదయం పదీ నలభై రెండుకు తమ సిగ్నల్ కెమెరా అతనిని ఫోటో తీసినది. నెత్తిన హెల్మెట్ లేదని నా పేరున చలానా వచ్చినది. నెత్తిన లేని మాట నిజమే. అది ఎడమ చేతికి వేలాడుతున్నది. దాని అద్దం పగిలి ఉన్నది. చొక్కా చెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉన్నది.

4. నేను చలానా వచ్చిన రోజే కట్టేసే మనిషిని. పదిహేను రోజుల్లో కడితే సగమే అన్నా, ఫోటో తీసిన నాటి నుంచి ముప్పై రోజుల దాకా గడువున్నా ఆగను. ఈసారి చలానాయే ఇరవై మూడో రోజున వచ్చింది, అయినా ఆ రోజే డబ్బు పట్టుకుని తమ రెండో నంబరు కిటికీ ముందు నిలబడ్డాను. సర్వరు పని చేయలేదు. క్యూలో ఊసుపోక చలానా విప్పి ఫోటో చూశాను. డబ్బు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను. ఫైను కట్టగానే ఫోటో కంప్యూటరులోంచి పోతుందని తమ గుమాస్తా గారు చెప్పారు. కావున తమ సర్వరు ఆ రోజు చెడిపోయినందుకు కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నాను.

5. స్టేషనుకు వెళితే "ఇలాంటి ఫోటో ఫోనులో ఎవడైనా చేస్తాడు, ఆఫీసు ముద్ర వేయించుకురా" అన్నారు. ముద్ర కోసం ఇక్కడికి వస్తే అభ్యంతరాల ఫారం ఇచ్చారు. అందులో మూడే గళ్లు: బండి నాది కాదు, తప్పు జరగలేదు, ఫోటో సరిగా లేదు. అయ్యా, బండి నాదే. తప్పు జరిగింది. ఫోటో బ్రహ్మాండంగా ఉంది. నేను ఎందులో టిక్కు పెట్టాలి? "ఏదో ఒకటి పెట్టవయ్యా బాబూ, వెనక జనం ఉన్నారు" అన్నారు గుమాస్తా గారు.

6. ఇందుమూలముగా ఒక నేరము ఒప్పుకొనుచున్నాను. ఫోటో చూసిన సాయంత్రం సుత్తి పట్టుకుని అల్లుడి ఇంటికి వెళ్లాను. తలుపు బద్దలు కొట్టాను. వాడి తల పక్కన గోడకు నాలుగు దెబ్బలు వేశాను. ఐదోది తలకే వేశాను. వియ్యపురాలు అడ్డం పడటంతో చెవి అంచు తెగి ఊరుకుంది. "నీ ఫోటో ఉందిరా, హెల్మెట్‌తో సహా ఉంది, ఫైను కూడా పడింది!" అని అరిచాను. సుత్తి గురి తప్పింది, నోరు జారింది. రెంటిలో దేనికి ఎక్కువ బాధపడుతున్నానో అడగకండి. ఇది తమ శాఖ కిందికి రాదని తెలుసు.

7. అప్పటి నుంచి నా ఫైను కట్టాలని అల్లుడికి ఎక్కడలేని ఆత్రం పట్టుకుంది. ఫోనులో కట్టబోతే కోడు నా ఫోనుకు వస్తుంది. ఒక్కరోజే పదకొండు వచ్చాయి. "మామయ్యా, ఆ నంబరు కాస్త చెప్పండి. మీకెందుకు ఖర్చు, నేను కట్టేస్తాగా" అన్నాడు. "రారా, వచ్చి తీసుకో" అన్నాను. కానీ కిటికీ దగ్గర కోడు అడగరు. బండి నంబరు చెప్పి ఎవరైనా కట్టవచ్చు. అందుకే నాలుగు రోజులుగా ఆఫీసు తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఆ కిటికీ పక్కనే నిలబడుతున్నాను. ఇక పనిలోకి రావద్దని షెడ్డు యజమాని కబురు పంపాడు.

గడువు ఇంకా రెండు రోజులున్నది. దాటితే బండి పట్టుకుపోతామని చలానాలో రాశారు. పట్టుకుపోండి. రెట్టింపు వేయండి, కోర్టుకు ఈడ్వండి, అన్నిటికీ సిద్ధం. ఫోటో మీద ముద్ర వేసి ఇవ్వండి. అప్పటిదాకా ఒక్క పైసా కట్టించుకోకండి. నిన్న నా కూతురు నా సంచి విప్పి చూసి కాగితం మీద ఇలా రాసింది: "కొట్టొద్దు నాన్నా. ముద్ర తీసుకురా. నువ్వు జైల్లో కూర్చుంటే నన్ను స్టేషనుకి ఎవరు తీసుకెళతారు?"

ఇదంతా చిత్తగించి, ఈ రోజే, ఈ పూటే ఉత్తర్వు ఇప్పించవలెను.

తమ విధేయుడు (ఇప్పటి వరకు),
సొట్టల మేస్త్రీ

జతపరచినవి: 1. చలానా. 2. దవడ ఎక్స్‌రే. 3. అభ్యంతరాల ఫారం, ఖాళీది.

తా.క.: అల్లుడు ఇప్పుడే హాల్లోకి వచ్చాడు. చెవికి కట్టు ఉంది. టోకెను తీసుకున్నాడు, అరవై ఒకటి. కిటికీలో యాభై ఆరు నడుస్తోంది. నన్ను చూసి నవ్వాడు. నాలుగో జతగా నా సుత్తిని సంచితో సహా ఈ అర్జీతో పంపుతున్నాను. గుమాస్తా గారు తీసుకోనంటున్నారు. అయినా బల్ల మీద పెట్టేశాను. దయచేసి దాన్ని లోపలికి, మీ గదిలోకి తీసుకోండి. బల్ల నాకు రెండు అడుగుల దూరంలోనే ఉంది.

త్వరగా చదవండయ్యా. యాభై ఏడు పిలిచారు.